తుపాకి మందు తూచిన డాక్టరుగారు

పోయిన ఆదివారం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మ కూడా లేదు కదా అంకుల్, ఇంక చెప్పినా ఓకే," అంది. వాళ్ళమ్మగారు పోయి నెల దాటింది. వాళ్ళ నాన్నగారు, అంటే ఇక్కడ ట్రాయ్ ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ డాక్టరుగారు, అంతకు రెండేళ్ళ ముందే వెళ్ళిపోయారు. దేని గురించి అంటోందని నేను అడగలేదు. ఫోన్ పట్టుకున్న చెయ్యి మాత్రం చల్లబడింది. ఇన్నేళ్ళయినా ఆ శనివారం గుర్తొస్తే నాకు ముందు చేతులు చల్లబడతాయి, ఆ తర్వాత విపరీతంగా ఆకలేస్తుంది.

నా భయం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, దాచినా దాగేది కాదు. కుక్కర్ రెండో విజిల్‌కి నేను గరాజ్‌లో ఉంటాను. దీపావళికి కాకరపువ్వొత్తిని చీపురుకర్ర చివర కట్టి, కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని, మొహం పక్కింటి వైపు తిప్పి వెలిగిస్తాను. ఎలివేటర్ ఎక్కితే లోపలున్నవాళ్ళ బరువులు మనసులో కూడుకుంటాను. ఇలాంటి మనిషిని చూసి ముచ్చటపడి ఇక్కడి కార్ల కంపెనీ ఒకటి బ్రేకుల సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసే ఉద్యోగం ఇచ్చింది. బ్రేకు పడదేమోనని రోజుకి ఎనిమిది గంటలు భయపడితే నెలకి రెండుసార్లు జీతం.

డాక్టరుగారు రిటైరైన మత్తు డాక్టరు. ప్యాంటు ఛాతీ దాకా లాక్కుని, దాని మీద బెల్టు బిగించుకుని, లోకంలో ఎవరికీ నిద్రాభంగం కలగకూడదన్నట్టు నడిచేవారు. ముప్పై నాలుగేళ్ళు నిద్రపోయేవాళ్ళ పక్కన కూర్చున్నారు కాబట్టి గొంతు పెంచడం మరిచిపోయారు. ఆయన మాట వినపడాలంటే మనమే వంగాలి. వంగితే చెయ్యి కలిపేవారు. కలిపిన చెయ్యి వదిలేవారు కాదు. రెండు వేళ్ళు మెల్లగా మన మణికట్టు మీదికి పాకేవి. వంకాయల ధర గురించి మాట్లాడుతూనే నాడి లెక్కపెట్టేసేవారు. "నూట నాలుగు. ఉద్యోగం పోయిందా?" అని ఒకాయన్ని భోజనాల దగ్గర, భార్య ఎదుటే అడిగారు. పోయింది. భార్యకి అప్పటిదాకా తెలియదు.

నాకు ఆయన పరిచయమైంది ఎవరి పిల్లాడిదో పుట్టినరోజు పార్టీలో.

"నూట పన్నెండు," అన్నారు నా చెయ్యి పట్టుకుని. "నన్ను చూసేనా?"

"కాదండీ. మీ వెనకాల బెలూన్లున్నాయి."

"బెలూన్లకి నూట పన్నెండా?"

"ఇద్దరు పిల్లలు పిన్నులతో తిరుగుతున్నారండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఎవరైనా నవ్వుతారు, ఆయన నవ్వలేదు. పోగొట్టుకున్న గొడుగు పదేళ్ళకి దొరికినట్టు చూశారు. "నువ్వు నాకు కావాలి అబ్బాయ్," అన్నారు.

ఎందుకో తర్వాత చెప్పారు. ఆపరేషన్ గదిలో ఒక్కడైనా భయపడేవాడు ఉండాలట. సర్జన్ భయపడితే కొయ్యలేడు. పేషెంట్ నిద్రపోతాడు. మిగిలింది మత్తు డాక్టరు. "ముప్పై నాలుగేళ్ళు గదిలో అందరి తరపునా నేనే భయపడ్డాను. రిటైర్ అయ్యాక ధైర్యం వచ్చేసింది అబ్బాయ్. ఈ వయసులో ధైర్యం మంచిది కాదు. శనివారాలు వచ్చి నా తరపున భయపడు."

ఎక్కడికి రావాలో, దేనికి భయపడాలో తెలిసుంటే ఆ రోజే ఒహాయో పారిపోయేవాణ్ణి.

ఆయన బేస్‌మెంట్లో తూటాలు చేసేవారు. హాస్పిటల్లో తోటి డాక్టర్లు ఎవరో ఎప్పుడో షూటింగ్ రేంజ్‌కి తీసుకెళితే ఆయనకి ఆ సరదా అంటుకుంది. గుడ్డు కూడా తినని మనిషి. జీవితంలో ఆయన కాల్చింది కాగితం మీద గీసిన గుండ్రాల్నే. చిన్నప్పటి నుంచి కూతుర్నీ వెంట తీసుకెళ్ళేవారు. వయసు మీద పడి ఆయన చేతులకి వణుకొచ్చాక పేల్చడం మానేశారు, కూతురు పేలుస్తుంటే కుర్చీలో కూర్చుని చూసేవారు. ఆ ఏడు ఊళ్ళో ఏ షాపులోనూ తూటాలు దొరకలేదు. పేల్చగా మిగిలిన ఇత్తడి తొడుగుల్లో మళ్ళీ తుపాకి మందు పోసి, మూతి మీద కొత్త గుండు బిగిస్తే తూటా తయారు. ఇక్కడ చాలామంది ఇంట్లో చేసుకుంటారు, మనం ఆవకాయ పెట్టుకున్నంత మామూలుగా.

కష్టమంతా మందు కొలవడంలో ఉంది. తొడుగుకి ఒక చిటికెడు. తగ్గితే గుండు తుపాకి గొట్టంలోనే ఆగిపోతుంది. పెరిగితే తుపాకీ పగులుతుంది.

"నిద్ర పుచ్చడానికీ, పంపించెయ్యడానికీ తేడా చిటికెడే అబ్బాయ్. నా సర్వీసంతా ఆ చిటికెడే," అన్నారు. "పేల్చేది నా కూతురు. పగిలితే దాని చేతుల్లో పగులుతుంది. అది సర్జన్ కాబోతోంది. రెసిడెన్సీ ఇంకా రెండేళ్ళుంది."

ఆ ముక్క విన్నాక ఇంక మానలేకపోయాను. ఆ అమ్మాయి చేతులు నేను చూశాను. పొడుగాటి వేళ్ళు, దానిమ్మపండు ఒలిస్తే ఒక్క గింజ చితకదు.

మందు కొలిచే సాధనం ఎంచుకోవడానికి డాక్టరుగారికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా ఊళ్ళో మూడు పెళ్ళిళ్ళు నిశ్చయమై జరిగిపోయాయి, ఒకటి కోర్టు దాకా వెళ్ళింది కూడాను.

పోటీలో ముగ్గురు. మొదటిది చెంచా, త్రాసు. చెంచాతో పళ్ళెంలో పలుకు పలుకుగా పోసి ముల్లు మధ్యకొచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూడాలి. దీనంత నమ్మకమైంది లేదు, దీనంత ఆలస్యమూ లేదు. పైగా ఆయన చెయ్యి వణికేది. యాభై తూటాలకి పూటంతా పట్టేది. పైనుంచి అక్కయ్యగారు, అంటే ఆయన భార్య, "అక్కడ మందు తూస్తున్నారా, బంగారం తూస్తున్నారా?" అని కేకేసేవారు.

రెండోది బటన్ల మిషన్. అంకె కొడితే మోటారు గుర్రుమని తిరిగి, మందు తనంత తనే పళ్ళెంలోకి రాల్చి, తూకం చూసుకుని ఆగేది. రేంజ్‌లో స్నేహితుడి దగ్గర అరువు తెచ్చారు. దాన్ని నాకు అప్పగించి, "బ్రేకుని టెస్ట్ చేసినట్టు చెయ్యి," అన్నారు. నేను నా భయాలన్నీ దాని మీద ప్రయోగించాను. పక్కన సెల్‌ఫోన్ పెట్టాను, అంకె కదిలింది. హీటర్ గాలి తగిలింది, కదిలింది. ఒక శనివారం ఎవరూ ఏమీ చెయ్యకుండానే అంకె నాట్యం మొదలెట్టింది. తీరా చూస్తే పైన అక్కయ్యగారు గ్రైండర్లో ఇడ్లీపిండి వేశారు. ఆవిడ వారానికి మూడుసార్లు పిండి రుబ్బుతారు. బటన్ల మిషన్ వెనక్కి వెళ్ళిపోయింది.

మూడోది పిడి మిషన్. ఎర్రరంగు ఇనుప దిమ్మ, దాని నెత్తి మీద మందు పోసే పారదర్శకమైన డబ్బా, కింద సన్నటి గొట్టం, పక్కన ఒక పిడి. పిడి పైకెత్తితే లోపలి గుంట మందుతో నిండుతుంది, దించితే గొట్టంలోంచి తొడుగులోకి జారుతుంది. కరెంటు లేదు, అంకెలు లేవు, ఇడ్లీపిండితో పేచీ లేదు. వణికే చేత్తో కూడా లాగొచ్చు. వందసార్లు లాగించి వందా తూచారు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. కొత్తది కొన్నారు.

మందు పోశాక చివరి పరీక్ష నాది. యాభై తొడుగులూ చెక్క ట్రేలో నిలబెట్టి ఉంటాయి. ఒక్కో దానిలో టార్చి వేసి, మందు అన్నిట్లో ఒకే ఎత్తున ఉందో లేదో చూసి "ఓకే" అనాలి. అప్పుడే ఆయన గుండు బిగిస్తారు. నేను దానికోసం ఆరు బ్యాటరీల టార్చి కొన్నాను. పోలీసులు తప్పిపోయిన హెలికాప్టర్లని వెతికే రకం.

కొత్త మిషన్ ఇంటికొచ్చిన వారానికి దసరా వచ్చింది. ఆ ఇంట్లో ఆయుధపూజ అంటే మాటలు కాదు. అక్కయ్యగారు కారుకీ, మంచు ఊడ్చే స్నో బ్లోయర్‌కీ, డిష్‌వాషర్‌కీ, డాక్టరుగారి పాత స్టెతస్కోప్‌కీ బొట్లు పెట్టేవారు. ఆ ఏడు పళ్ళెం పట్టుకుని బేస్‌మెంట్లోకి దిగారు. పళ్ళెంలో హారతి కర్పూరం ఉంది, అగ్గిపెట్టె ఉంది, రెండు వత్తుల దీపం ఉంది. గదిలో తుపాకి మందు డబ్బాలు రెండున్నాయి. నేను మెట్లకి అడ్డంగా పడుకున్నాను.

"ఇదేంటి నాయనా, లే," అన్నారు ఆవిడ.

"అక్కయ్యగారూ, నిప్పొద్దు. మీకు దణ్ణం పెడతాను."

"నిప్పు లేకుండా హారతి ఎలా ఇస్తారయ్యా? ఫోటోలో అన్నం పెట్టి తినమన్నట్టు ఉంటుంది."

రెండు దేశాల సరిహద్దు తగాదా కూడా అంత పట్టదు. అరగంట బేరం సాగింది. కర్పూరం వదులుకున్నారు. అగరొత్తులు వదులుకున్నారు. దీపానికి బదులు బ్యాటరీతో వెలిగే ప్లాస్టిక్ కొవ్వొత్తి తెచ్చిచ్చాను. చివరికి బొట్టు, రెండు చామంతులు, అక్షింతలు అని ఒప్పందం కుదిరింది. ఆవిడ మిషన్‌కి కుంకం పెట్టి, కళ్ళు మూసుకుని, "నా కూతురి చేతులు చల్లగా చూడు తల్లీ," అని గుప్పెడు అక్షింతలు చల్లారు. డాక్టరుగారు అప్పుడే కడిగి ఆరబెట్టారు కాబట్టి పైడబ్బాకి మూత లేదు. నేను కర్పూరం ఉన్న పళ్ళేన్నే చూస్తున్నాను. ప్రపంచంలో నేను భయపడని వస్తువు ఏదైనా ఉందంటే అవి అక్షింతలే.

ఆ శనివారం పొద్దున్నే యాభై తూటాలు చేశాం. డాక్టరుగారు పిడి లాగారు. ప్రతి పదోది త్రాసులో తూచారు, అయిదూ సరిగ్గా వచ్చాయి. నేను టార్చి వేసి యాభైసార్లు "ఓకే" అన్నాను. ఆయన గుండ్లు బిగించారు. ఆ వారాంతం ఇంటికొచ్చిన అమ్మాయి పెట్టె తీసుకుని, "లంచ్‌కి వచ్చేస్తా నాన్నా," అని రేంజ్‌కి వెళ్ళిపోయింది.

డాక్టరుగారు మిగిలిన మందు డబ్బాలోకి వంచేసి, కింద తెల్ల కాగితం పరిచి, మిషన్ గొట్టాన్ని వేలితో తట్టారు. ఏదో టిక్కుమని పడింది. ఇద్దరం వంగి చూశాం. పసుపు పూసిన బియ్యపు గింజ.

ఆయన మామూలుకన్నా మెల్లగా అన్నారు. "ఇది గొంతులో అడ్డం పడితే ఒక తొడుగులో మందు తగ్గుతుంది. ఆగినదంతా ఇంకో తొడుగులో పడుతుంది."

"తూచినవన్నీ కరెక్టుగానే ఉన్నాయి కదండీ."

"అవి అయిదు. మిగతా నలభై అయిదూ నువ్వు చూశావుగా."

"చూశానండీ."

"ఎంత దూరం నుంచి?"

"మెట్ల మీద నుంచండీ," అన్నాను. నిజమే. బేస్‌మెంట్ మెట్లలో మూడో మెట్టు మీద నిలబడి, చెయ్యి చాపి, ఒక కన్ను మూసుకుని వేశాను టార్చి. అక్కణ్ణుంచి తొడుగులు మెరవడం కనిపించింది. లోపల ఏముందో ఆ దేవుడికే కనిపించి ఉంటుంది.

ఆయన గింజని కాగితంలో పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నారు.

అమ్మాయికి ఫోన్ చేశాం. ఎత్తలేదు. చప్పుడు సోకకుండా చెవులకి మఫ్‌లు పెట్టుకుని ఉంటుంది, ఫోన్ కారులో ఉంటుంది. పద్నాలుగుసార్లు చేశాం. రేంజ్ ఆఫీసుకి చేస్తే మీ కాల్ మాకు చాలా ముఖ్యమని ఒక మిషన్ చెప్పి, పాట వేసింది. నలభై నిమిషాల దారి. ఆయన చేతుల వణుకు చూసి తాళాలు నేను తీసుకున్నాను.

హైవే మీద ట్రక్కు కనిపిస్తే పక్కకి తీసి ఆగి నమస్కారం పెట్టేవాణ్ణి నేను. ఆ రోజు ఎంత స్పీడులో వెళ్ళానో చెప్పను, ఆ లైసెన్స్ ఇంకా వాడుకుంటున్నాను. డాక్టరుగారు కిటికీలోకి చూస్తూ వంద నుంచి వెనక్కి లెక్కపెడుతున్నారు. వంద, తొంభై తొమ్మిది, తొంభై ఎనిమిది. తొంభై మూడు దగ్గర ఆగి మళ్ళీ వందకి వచ్చేవారు. మత్తిచ్చేటప్పుడు ఆయన పేషెంట్లు ఎవరూ అంతకంటే కిందికి లెక్కపెట్టి ఉండరు.

"నా పిరికితనం వల్లేనండీ ఇదంతా," అన్నాను.

"భయపడ్డం తప్పు కాదు. నువ్వు దూరం నుంచి భయపడ్డావు. భయపడేవాడు దగ్గరికొచ్చి భయపడాలి అబ్బాయ్." తర్వాత, "నేనూ ఆ మిషన్‌ని నమ్మి కుర్చీలో వెనక్కి వాలాను," అన్నారు. మళ్ళీ వంద నుంచి మొదలెట్టారు.

రేంజ్‌లో కారు దిగగానే చప్పుళ్ళు. వరసగా పదిమంది పేలుస్తున్నారు. ప్రతి చప్పుడుకీ ఆయన భుజం అదిరేది. నేను చెవులు మూసుకోలేదు. మూసుకుంటే ఆ అమ్మాయి కేక వినపడదేమోనని భయం.

చివరి బల్ల దగ్గర, బెంచీ మీద కూర్చుని ఉంది. తుపాకీ బల్ల మీద ఉంది. పెట్టె మూత వేసి ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, పదివేళ్ళూ ఉన్నాయి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

"నాన్నా? మీరేంటి ఇక్కడ?"

"ఎందుకాపేశావు?" అన్నారు డాక్టరుగారు.

"ఒకటి బ్యాంగ్ అనలేదు నాన్నా. జస్ట్ టప్ అంది. పక్క లేన్ ఆయన నథింగ్ రాంగ్, కీప్ గోయింగ్ అన్నాడు. బట్ ఐ గాట్ స్కేర్డ్. సో ఆపేశా."

"భయమేసిందా?"

"చాలా. సారీ నాన్నా."

డాక్టరుగారు ఆ ప్యాంటుతోనే, ఆ కంకర మీదే కూర్చుండిపోయారు. "సారీ ఎందుకమ్మా, సారీ ఎందుకు," అని గొణుగుతున్నారు. రేంజ్ మనిషి వచ్చి తుపాకి గొట్టంలో ఊచ పెట్టి చూశాడు. గుండు సగంలో ఇరుక్కుని ఉంది. దాని వెనక ఇంకొకటి పేలి ఉంటే ఏమయ్యేదో అతను చెప్పలేదు. పక్క లేన్ ఆయన మాత్రం సామాను సర్దుకుని నిశ్శబ్దంగా వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ముగ్గురం నేరుగా బేస్‌మెంట్లోకి వెళ్ళాం. ఇంకా ముప్పై మూడు తూటాలున్నాయి. వాటిని ఊడదీయడానికి సుత్తిలాంటి ప్లాస్టిక్ సామాను ఒకటుంది. తూటా అందులో బిగించి నేలకేసి కొడితే గుండూ మందూ ఊడి వస్తాయి. కొట్టినప్పుడల్లా నా పళ్ళు కదిలాయి. అయినా ఈసారి త్రాసుకి ముక్కు ఆనించి కూర్చున్నాను. ఒక్కొక్కటీ తూచాం. ఇరవై సరిగ్గానే ఉన్నాయి. ఇరవై ఒకటోది వంచితే పళ్ళెంలో గుట్ట పడింది. ముల్లు అటు చివరికి వెళ్ళి కొట్టుకుంది. ఇంచుమించు రెట్టింపు.

అమ్మాయి ఆ గుట్టని చూసింది, తన చేతుల్ని చూసుకుంది. డాక్టరుగారు జేబులోంచి పొట్లం తీసి, విప్పి, గుట్ట పక్కన పెట్టారు. అమ్మాయికి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. నోరు తెరవబోయింది.

పైన తలుపు తెరుచుకుంది. "ముగ్గురికీ ఆకలి లేదా? పులుసు చల్లారిపోతోంది," అంటూ అక్కయ్యగారు మెట్లు దిగడం మొదలెట్టారు. ఆవిడ మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్టుకో మాట. "మిషన్ ఎలా ఉంది?" ఒక మెట్టు. "నా పూజ పనిచేసిందా?" ఇంకో మెట్టు.

తెల్ల కాగితం మీద ఆ గింజ నిమ్మపండంత కనిపిస్తోంది నాకు. ఇంట్లో పసుపుకొమ్ములు కొట్టి కలిపిన అక్షింతలు అవి. పది గజాల నుంచి గుర్తుపడతారు ఆవిడ. ఆ పూట నేను పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఆ చివరి నాలుగు మెట్లూ ఒక ఎత్తు.

డాక్టరుగారు గింజని రెండు వేళ్ళతో తీశారు. వేళ్ళు వణకలేదు. నోట్లో వేసుకుని మింగేశారు.

"ఏంటి నములుతున్నారు?" అన్నారు అక్కయ్యగారు కిందికొచ్చి.

"ఏం లేదు."

"మిషన్ సంగతి అడిగాను."

"నీ పూజతో బ్రహ్మాండంగా ఉంది. అమ్మాయి క్షేమంగా వచ్చింది. నాకే ఆ మిషన్ నచ్చలేదు. ఇంక చెంచాతోనే తూచుకుంటాను."

ఆవిడ మెట్ల కమ్మీ పట్టుకుని నవ్వడం మొదలెట్టారు. "ఎనిమిది నెలలు వెతికి, వణికే చేత్తో చెంచానా? ఈ మాట ఊరంతా చెప్పకపోతే చూడండి." ఆయన కూడా నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మాయి వాళ్ళమ్మ నడుం చుట్టూ రెండు చేతులూ వేసి, భుజం మీద మొహం దాచుకుంది.

"ఎందుకే ఆ కళ్ళనీళ్ళు?" అన్నారు ఆవిడ.

"నవ్వొచ్చి, అమ్మా," అంది.